ఆవు నోటిలో పెట్టిన చేయి

ఏప్రిల్ 2, మంగళవారం

నేటి నుండి మా పశువుల ఆసుపత్రిలో మనుషుల భద్రత నా బాధ్యత. డాక్టరు హేమలత గారు సిబ్బంది అందరి ఎదుటా ఆ మాట అన్నారు. సిబ్బంది అంటే నేనూ, ఊడ్చే పెద్దక్కా మాత్రమే. అయినా అందరి ఎదుటా అన్నారు గనుక అలాగే వ్రాసుకుంటున్నాను.

గత నెల అనంతపురంలో ప్రథమ చికిత్స శిక్షణకు వెళ్ళి వచ్చాను. మాకు నేర్పినది సారా సిస్టరు. చివరి రోజున మొదటి బహుమతి నాకే ఇచ్చింది. పగలంతా పశువులకు కట్లు కట్టి, సాయంకాలం బస్సు పట్టుకుని రాత్రి కళాశాలకు వెళ్ళి, నలభై దాటిన పిదప పట్టా పుచ్చుకున్నవాడికి ఇటువంటి శిక్షణ కష్టమేమీ కాదు.

ఇంతకాలం మా చేతికి గాయమైతే ఎద్దు పుండుకు కొట్టే ఊదారంగు మందునే మా వేళ్ళకూ కొట్టుకునేవాళ్ళం. గొర్రెల మాత్రను విరిచి వేసుకున్నవాళ్ళను కూడా ఎరుగుదును. ఆ అలవాటు నేటితో చెల్లు. మనుషులకు వేరుగా ఒక తెల్లపెట్టె వచ్చింది. గోడ మీది పలకను నా చేతులతో వ్రాశాను: పశువు నోటిలో చేయి పెట్టవలసి వచ్చినచో తొడుగు తప్పనిసరి.

పెద్దక్క చీపురు పట్టుకుని దాన్ని చాలాసేపు చూసింది.

"ఇది ఎవురికోసరం మద్దిలేటీ? ఎనుములు సదువుకుంటాయా?"

నేను నవ్వలేదు.

ఏప్రిల్ 4, గురువారం

డాక్టరు గారు సమావేశానికి కళ్యాణదుర్గం వెళ్ళారు. పదకొండు గంటల ప్రాంతంలో పుల్లన్న వచ్చి పిలిచాడు. గొర్రెలు కాచుకునే మనిషి, ఇంట్లో పాలకు ఒకే ఒక ఆవు ఉన్నది. మోటారు సైకిలు మీద అతని వెంట వెళ్ళాను. కొట్టం దగ్గర సర్కారు కంప అడ్డం పెట్టి ఉంటే తొలగించాను. ముల్లు కుడిచేతి వేలి కణుపు మీద గీరింది.

పుల్లన్న కోడలు మారెక్క ఆవు తల పట్టుకుని ఉన్నది.

"గొంతులో యాదో ఇరుక్కుండాదన్నా. నిన్నటి నుంచి నీళ్ళు తాగల్యా. సొల్లు కారతానే ఉండాది."

"మామిడి టెంక ఏమైనా మింగిందా?"

"మా ఇంట్లో మామిడికాయ యాడిదన్నా? గోనెపట్ట పేలికో ఏమో. నేనూ సెయ్యి పెట్టి సూస్తి. దొరకల్యా."

సంచిలో నుండి తొడుగులు బయటికి తీశాను. ఆ మాట నిజం. పుల్లన్న వాటిని చూసి, "ఏమప్పా, సదువుకున్నంక ఆవు నోరు కూడా మైలయిందా నీకు?" అన్నాడు.

తొడుగులను తిరిగి సంచిలో పెట్టింది ఆ మాటకు కాదు. తొడుగు వేసుకుంటే వేళ్ళకు స్పర్శ సరిగా తెలియదు. లోపల ఉన్నది గుడ్డపేలిక అయితే అసలే తెలియదు.

ఇప్పుడు వ్రాయబోయేది ఎలా వ్రాయాలో తెలియడం లేదు. ఎన్నో పశువుల గొంతులలో చేయి పెట్టాను. ఏ గొంతయినా చేతిని పట్టుకుంటుంది. బయటికి తోయాలని చూస్తుంది, లేదా మింగాలని చూస్తుంది. ఈ గొంతు రెండూ చేయలేదు. మోచేతి దాకా వెళ్ళినా నా చేయి అక్కడ ఉన్నదని దానికి తెలియలేదు. మనుషులందరూ తలుపులు తెరిచిపెట్టి వెళ్ళిపోయిన ఇంటిలో అడుగుపెట్టినట్టు ఉన్నది. వెచ్చగా, విశాలంగా, ఏ అభ్యంతరమూ లేకుండా. ఒక ప్రాణి శరీరం అంత నిశ్శబ్దంగా ఉండగలదని నాకు తెలియదు. వెతకవలసినది మరిచిపోయి కొంతసేపు అలాగే చేయి ఉంచాను.

లోపల ఏమీ లేదు. చేయి తీస్తున్నప్పుడు దవడ పన్ను వేలి కణుపుకు రాసుకున్నది, ముల్లు గీరిన చోటనే. దానిని రక్తం అనలేను. రక్తపు ఛాయ అనవచ్చు.

మారెక్క ఒక చెంబు నీళ్ళు పోసింది. ఆ ఊరికి ట్యాంకరు వచ్చి చాలా రోజులైంది. రెండో చెంబు అడగడానికి మనసొప్పలేదు.

బాగానే కడుక్కున్నాను.

ఏప్రిల్ 5

వేలికి ఊదారంగు మందు కొట్టుకున్నాను. తెల్లపెట్టె తెరవవలసినంత గాయం కాదు. ఇంటికి వచ్చాక నా భార్య గంగాదేవి వేలు పట్టుకుని చూసి, "నువ్వేమన్నా ఎద్దువా?" అన్నది.

ఏప్రిల్ 6, శనివారం

డాక్టరు గారిని వెంటబెట్టుకుని పుల్లన్న కొట్టానికి వెళ్ళాను. దూరం నుండే ఆవు అరుపు వినిపించింది. గొంతు బొంగురుపోయి, నడుమ నడుమ విరుగుతూ, ఆపై మళ్ళీ లేస్తూ. ఇన్నేళ్ళు పశువుల మధ్య బ్రతికినవాణ్ణి. ఆ అరుపులో ఆవు లేదు. వేరెవరో ఆవు గొంతు తీసుకుని మాట్లాడుతున్నట్టు ఉన్నది. పక్క దొడ్డిలో గొర్రెలు ఒక్కటి కూడా కదలకుండా అటే చూస్తున్నాయి.

ఆవు కొట్టాన్ని మోసే రాతికూసానికి తల ఆనించి నెడుతోంది. కూసం కదలదు. అది ఆపదు.

డాక్టరు గారు వాకిట్లోనే ఆగిపోయారు. మమ్మల్ని కూడా చేతితో ఆపారు. దాని మూతిని, కాళ్ళను దూరం నుండే పరిశీలించారు. ఆ తర్వాత, "ఈ మధ్య కుక్క ఏదైనా కరిచిందా దీన్ని?" అని అడిగారు.

"పోయిన నెలలో ఒకటి మంద మీద పడినాది మేడమ్. ఒక పొట్టేలును కరిసె. దీని మూతి మీద కూడా గీత పడింటాది. ఎవురు సూసినారు?" అన్నాడు పుల్లన్న.

"ఇది గొంతుకు అడ్డం పడింది కాదు. పిచ్చికుక్క రోగం. నోట్లో చేయి పెట్టిందెవరు?"

"నేను పెట్టినా మేడమ్," అన్నది మారెక్క. అని నా వైపు చూసింది.

డాక్టరు గారు కూడా నా వైపు చూశారు. "మీరు తొడుగు వేసుకున్నారు కదా?"

"వేసుకున్నాను మేడమ్."

మారెక్క తల దించుకున్నది. పుల్లన్న మీసం దువ్వుకున్నాడు.

డాక్టరు గారు సబ్బు తెమ్మన్నారు. పారే నీటి కింద కనీసం పావుగంట చేయి కడగాలని, ఈ రోగానికి మొదటి మందు సబ్బునీళ్ళేనని చెప్పారు. ఇది శిక్షణలో నేనూ చదివి అప్పజెప్పిన వాక్యమే. కొళాయి తిప్పితే నీళ్ళు పడే గదిలో కూర్చుని చదివాను. ఆ వాక్యంలో పారే నీరు అనే మాట ఎంత పెద్దదో ఈ వాకిట్లో నిలబడి చూశాను. మారెక్క బిందెలో అడుగున ఉన్న నీళ్ళు కొంతసేపటికే అయిపోయాయి.

ఎవరు పిలిచారో నాకు తెలియదు. ఎదురింటి నుండి ఒక ఆడమనిషి బిందె ఎత్తుకుని వచ్చింది. ఆమె వెనుక మరొకామె. ఆ పిదప వరుసగా వచ్చారు. అవన్నీ తాగడానికి దాచుకున్న నీళ్ళు. వచ్చిన ప్రతి మనిషీ మారెక్క చేతి మీద వంచి, ఖాళీ బిందెను చంకన పెట్టుకుని పక్కకు తప్పుకున్నది.

"నా పెండ్లికి కూడా ఇన్ని నీళ్ళు పోయల్యా," అన్నది మారెక్క.

"అబ్బుడు మేము నిన్ను ఎరగం కదే. ఎరిగింటే అసలే పోసుండం," అన్నది బిందె పట్టుకున్నామె.

అందరూ నవ్వారు. నీళ్ళు మాత్రం ఆపలేదు. నాలుగు అడుగుల అవతల అంత ఎండిన నేల ఉండగా, మారెక్క మణికట్టు కింద మట్టి నల్లబడి ఒక పిల్లకాలువ పారింది.

ఆమె చేయి పట్టుకుని సబ్బు రుద్దినది నేను. ఆమె చేయి పట్టుకున్న నెపంతో నా చేయి కూడా ఆ ధార కింద ఉంచాను. కణుపు మీద ఆమె చేతికన్నా ఎక్కువసేపు రుద్దాను. ఎవరూ గమనించలేదు.

రేపే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి సూదులు మొదలుపెట్టించుకొమ్మని డాక్టరు గారు మారెక్కకు మరీ మరీ చెప్పారు.

ఏప్రిల్ 7

ఆవు చనిపోయింది. పరీక్షకు కావలసినది తీసి పంపాము. లోతుగా గుంట తీయించి, సున్నం పోసి పూడ్చాము. తొడుగులు, ముఖానికి ముసుగు, కళ్ళద్దాలు, అన్నీ ధరించాను. డాక్టరు గారు మెచ్చుకున్నారు.

ఏప్రిల్ 8, సోమవారం

ఈ రోగం లోపల ఎలా నడుస్తుందని డాక్టరు గారిని అడిగాను. తెలుసుకోవలసిన బాధ్యత ఉన్నది గనుక అడిగాను.

ఇది రక్తంలో పడి కొట్టుకుపోదట. గాయం దగ్గర ఒక నరాన్ని పట్టుకుంటుందట. అక్కడి నుండి కాలినడకన తల వైపు బయలుదేరుతుందట. రోజుకు వేలెడు దూరమో, ఇంకా తక్కువో. ఒక్కొక్కరిలో వారాలు, ఒక్కొక్కరిలో నెలలు. నడిచినంతకాలం మనిషికి ఏమీ తెలియదు. తింటాడు, పనికి పోతాడు, నవ్వుతాడు. తల చేరిన రోజున మాత్రం ఇక ఏ మందూ పనిచేయదు.

"అందుకే టీకా ఆలస్యంగా బయలుదేరినా దాన్ని దాటిపోగలదు మద్దిలేటి గారూ. అది నడిచి పోతోంది. మనం బండిలో పోవచ్చు. కాకపోతే బండి ఎక్కాలి."

డాక్టరు గారు కాలేజీలోనే ముందు జాగ్రత్తగా టీకాలు వేయించుకున్నారట. "మీకు కూడా ఎప్పుడో వేయించి ఉండాల్సింది. ఈ నెలలో తప్పకుండా వేయిద్దాం," అన్నారు.

అప్పుడు నేను నోరు తెరవవలసింది. పెద్దక్క టీ తెచ్చింది.

ఇప్పుడు కూర్చుని ఎడమచేతి వేళ్ళతో కుడిచేతిని తడుముకుంటున్నాను. కణుపు. మణికట్టు. ముంజేయి. మోచేయి. భుజం. ఎద్దు శరీరంలో ఏ నరం ఎక్కడ పోతుందో చూపించగలను. నా చేతిలో ఇంత పొడవైన బాట ఉన్నదని, దాని చివర నేను ఉన్నానని, ఎన్నడూ ఆలోచించలేదు. ఆ బాట మీద ఎవరైనా నడుస్తున్నారో లేదో నాకు తెలియదు. నా చేయే, అయినా నాకు తెలియదు.

ఏప్రిల్ 9, ఉగాది

ఆసుపత్రికి సెలవు. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఉదయం స్నానం చేసి, కొత్త చొక్కా తొడుక్కుని వెళ్ళాను.

ఫ్రిజ్‌లో కుక్కలకు వేసే పిచ్చికుక్క రోగపు టీకా ఉన్నది. రోగం ఒకటే. చంపి లోపలికి పంపే క్రిమీ ఒకటే. లెక్కలేనన్ని కుక్కలకు నా చేతితో వేశాను, ఒక్కదానికీ కీడు జరగలేదు. కుక్కకు వేసే మోతాదే తొడకు వేసుకున్నాను. ఖాళీ సీసాను జేబులో పెట్టుకుని వచ్చాను. అడిగితే చేయి జారి పగిలిందని చెబుతాను. అడగరు.

ప్రభుత్వ ఆసుపత్రిలో సూది వేసేది సారా సిస్టరే. మొదటి బహుమతి ఇచ్చిన మనిషి ముందు ఈ చేయి చాచి, ఏమయిందో చెప్పవలసి వస్తుంది. ఆ అవసరం లేకుండా పోయింది.

గంగాదేవి ఓళిగలు చేసింది. తృప్తిగా తిన్నాను. మనసు తేలికగా ఉన్నది.

ఏప్రిల్ 10

మనసు తేలికగా ఉన్నది.

ఏప్రిల్ 12, శుక్రవారం

పరీక్ష ఫలితం వచ్చింది. ఆ రోగమే.

డాక్టరు గారు వెంటనే సారా సిస్టరుకు ఫోను చేశారు. మారెక్క ఇంతవరకు ఆసుపత్రి గడప తొక్కలేదట. "మీ మాట వింటుంది, మీరు వెళ్ళి చెప్పండి," అని నన్ను పంపారు.

మారెక్క వాకిట్లో చెనక్కాయలు ఒలుస్తోంది. పుల్లన్న నీడన మంచం మీద ఉన్నాడు. సంగతి చెప్పాను. ఆవు ఏ రోగంతో పోయిందో కాగితం మీద వచ్చిందన్నాను.

"మా నాయన కాలంలో ఆకు పసరు పోస్తాండ్రి," అన్నాడు పుల్లన్న.

"పసరు తాగి ఈ రోగం నుండి బ్రతికినవాళ్ళను ఒక్కరిని చూపించు పుల్లన్నా."

"సచ్చినోళ్ళను నువ్వు సూపియ్యి సూస్తాం. పూడ్సినాక యాడ సూపిస్తావు?" అని అటు తిరిగి పడుకున్నాడు.

మారెక్క చేతులు ఆపలేదు. "బొడ్డు సుట్టూ పొడుస్తారంటన్నా. మా పెద్దమ్మకు పొడిసింటే నెల దినాలు మంచం దిగల్యా."

"అది పాతకాలపు మాట. ఇప్పుడు భుజానికి వేస్తారు. చీమ కుట్టినట్టు ఉంటుంది."

"నీకెట్ల తెలుసు? నువ్వు పోయినావా?"

నేను ఒలిచిన పొట్టు వైపు చూశాను. ఆమె అప్పుడు తలెత్తి చూసింది.

"నీ సెయ్యి నా సెయ్యి కంటే లోపలికి పోయింది. నేను సూడల్యా? మేడమ్ ముందర నీ మాట కాదంటే నీ మర్యాద పోతాదని ఊరికే ఉంటి. మర్యాద సరే. సూది ఏసుకున్నావా లేదా, అది సెప్పు."

"వేసుకున్నాను."

"యాడ?"

"మా ఆసుపత్రిలోనే."

ఆమె ముఖం విప్పారింది. ఇంతవరకు ఆ ముఖంలో అంత భయం ఉన్నదని, అది పోయాక గాని నాకు తెలియలేదు.

"అట్లయితే అదే నాకూ ఎయ్యన్నా. దూరం పోబల్లేదు, కూలి పోగొట్టుకోబల్లేదు. నువ్వు సదువుకున్నోడివి. మంచిది కానిది నువ్వు ఏసుకోవు కదా."

రేపు తెస్తానన్నాను.

అన్నాను. వ్రాసి చూసుకుంటే కూడా అదే కనిపిస్తోంది. రేపు తెస్తానన్నాను.

ఏప్రిల్ 13, శనివారం

జరిగినది వరుసగా వ్రాస్తాను.

ఉదయం పెద్దక్క రాకముందే ఆసుపత్రి తెరిచి ఫ్రిజ్‌లో నుండి సీసా తీశాను. మంచుడబ్బాలో పెట్టబోతూ దాని మీది అక్షరాలు చూశాను. పశువుల వాడకానికి మాత్రమే. ఆంగ్లంలో ఉంటుంది. ఆ ఆంగ్లం చదవగలగడానికి ఎన్ని సాయంకాలాలు బస్సులలో నిలబడి ప్రయాణం చేశానో నాకు తెలుసు. ఉగాది రోజున కూడా చదివాను. చదివి, సూదిలోకి ఎక్కించాను.

ఇప్పుడు అదే వాక్యం ముందు చేయి ముందుకు సాగలేదు. మారెక్క జబ్బ కళ్ళముందు ఉన్నది, పైట తొలగించి నమ్మకంగా ఇటు తిప్పి పెట్టిన జబ్బ. దానికి ఇది వేయకూడదు. ఎంత మాత్రం వేయకూడదు. ఆ మాట నా లోపలి నుండి ఎవరో గట్టిగా పలికినంత స్పష్టంగా వచ్చింది. సందేహమన్నది లేదు. ఆ పలికినవాడు ఉగాది రోజున ఎక్కడ ఉన్నాడు? అదే సీసా, అదే అక్షరాలు, అదే చేయి. ఒక మనిషిలో తన కోసం నోరు మెదపనివాడు ఇంకొకరి కోసం అంత గట్టిగా అరుస్తాడని నాకు ఎవరూ చెప్పలేదు. ఫ్రిజ్ తలుపు తెరిచే ఉన్నది. చల్లని గాలి కాళ్ళ మీద పడుతోంది. చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

డాక్టరు గారు బండి ఆపి లోపలికి వస్తుండగానే చెప్పాను. కూర్చున్నాక చెబుదామనుకుంటే మళ్ళీ టీ వస్తుంది.

"మేడమ్, ఆ రోజు నేను తొడుగు వేసుకోలేదు."

ఆమె చెప్పులు విప్పబోతూ ఆగిపోయారు.

"చేతికి గాయం కూడా ఉన్నది. ఉగాది రోజున దీన్ని వేసుకున్నాను," అని సీసా చూపించాను.

ఆమె సీసా తీసుకుని వెలుతురుకు పెట్టి చూశారు. కోపం వస్తుందని ఎదురుచూశాను. కోపం వచ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"ఎంత వేసుకున్నారు?"

"కుక్కకు వేసినంత."

"జ్వరం వచ్చిందా? వాపు?"

"లేదు."

"ఇది పనిచేయదని నేను చెప్పలేను. చేస్తుందనీ చెప్పలేను. మనుషుల మీద దీన్ని ఎవరూ పరీక్షించలేదు. కాబట్టి మీరు ఏమీ వేసుకోనట్టే. మొదటి నుంచి మొదలుపెట్టాలి. గాయంలోకి వేయాల్సిన మందు ఇంకొకటి ఉంది, అది మన దగ్గర లేదు." తాళంచెవులు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. "పదండి. మారెక్కను కూడా ఎక్కించుకుందాం."

"ఆమె రాదు మేడమ్."

"మీరు చెప్పండి."

"ఏమని చెప్పాలి?"

"నాకు ఇప్పుడు చెప్పిందే."

దారి పొడుగునా వాక్యాలు పేర్చుకున్నాను. కొట్టం దగ్గర దిగేసరికి ఒక్కటీ మిగలలేదు. మారెక్క స్నానం చేసి, తల దువ్వుకుని, సిద్ధంగా కూర్చుని ఉన్నది. నేను సూది తెస్తానని.

"నేను వేసుకున్నది కుక్కల మందు మారెక్కా. మనుషులది కాదు. నీకు వేయడానికి నాకు చేయి రాలేదు."

పుల్లన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. నవ్వు దగ్గుగా మారేదాకా నవ్వాడు. "ఏమప్పా, కాలేజీకి పోయి కుక్కల సూది పొడుసుకుంటివా? ఇంగ మొరగేది ఎబ్బుడు?"

డాక్టరు గారు బండిలో నుండి అంతా వింటున్నారు. నేను నిటారుగా నిలబడ్డాను. అంతకన్నా చేయగలిగినది కనిపించలేదు.

మారెక్క నవ్వలేదు. నన్నే చూస్తూ ఉన్నది.

"నిన్న తెస్తానంటివి."

"అన్నాను."

"తేకుండా వస్తివి."

"అవును."

ఆమె లేచి, కొంగు దోపుకుని, మామ వైపు తిరిగింది. "నువ్వు గొర్రెలను సూసుకో మామా. నేను ఈయప్పతో పోయొస్తా."

ప్రభుత్వ ఆసుపత్రిలో సారా సిస్టరు నన్ను చూసి, "రాండి రాండి, మొదటి బహుమతి సారు," అన్నది. విషయమంతా విన్న తర్వాత ఆ పిలుపు మళ్ళీ వాడలేదు. ఆ దయ ఎగతాళి కన్నా బరువుగా ఉన్నది.

"ఆలస్యమయిందా సిస్టర్?"

"ఆలస్యమే. కానీ రోగం బయటపడకముందు ఎప్పుడొచ్చినా ఎయ్యాల్సిందే. సెయ్యి ఇట్ల పెట్టండి."

ఇద్దరి చేతులూ మళ్ళీ సబ్బుతో కడిగించింది. భుజానికి టీకా వేసింది. మారెక్క కళ్ళు మూసుకుని, తెరిచి, "అయిపాయనా?" అని అడిగింది. బొడ్డు జోలికి ఎవరూ పోలేదు.

ఆ తర్వాత గాయంలోకి వేసే మందు. టీకా బలం పుట్టించే లోపల ఇది కాపలా కాస్తుందట. ముందు ముంజేతి మీద ఒక చుక్క వేసి, వాపు రాలేదని చూసి, సీసా పైకెత్తింది.

"ఇది దేనితో చేస్తారు సిస్టర్?"

"గుర్రం రక్తంలో నుంచి తీస్తారు సార్. మీకు తెలుసనుకుంటి."

తెలియదు. నాకు తెలియదు. ఎక్కడో ఒక గుర్రానికి కొద్దికొద్దిగా ఈ విరుగుడు నేర్పుతారట. అది మేత తింటూ, నీళ్ళు తాగుతూ, తన రక్తంలో ఆ బలాన్ని తయారు చేస్తుందట. ఆ బలాన్ని వడగట్టి ఈ గది దాకా పంపుతారట. సూది కణుపు లోపలికి దిగింది. ఎముకకు తగిలినంత నొప్పి. నేను కదలలేదు. నా జీవితమంతా పశువుల ఒంట్లోకి మందులు ఎక్కించాను, ఇచ్చేవాణ్ణి నేను, పుచ్చుకునేవి అవి అనుకుంటూ. నేను ఎన్నడూ చూడని, చూడబోని ఒక గుర్రం ఈ మధ్యాహ్నం నా వేలి కణుపులో నిలబడి, ఆ బాటకు అడ్డంగా కాపలా కాస్తోంది. దానికి నా పేరు తెలియదు. ఏ పట్టా చూపించమనీ అడగలేదు.

మారెక్క వేళ్ళ సందు పగుళ్ళలో కూడా అదే మందు వేశారు. ఆమె ఏడ్చింది. "గుర్రమంటే కొంచెం మెత్తగా ఉండగూడదా అన్నా," అన్నది ఏడుస్తూనే.

ఏప్రిల్ 14

గంగాదేవికి చెప్పాను. ఆమె లేచి వెళ్ళి కంచం తెచ్చింది. అన్నం కలిపి, నా కుడిచేతిని పక్కకు నెట్టి, తానే తినిపించింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి.

ఏప్రిల్ 16

రెండో సూది. మారెక్క నా కన్నా ముందే వచ్చి కూర్చున్నది.

ఏప్రిల్ 20

మూడోది. డాక్టరు గారు ఆ ఊరికి వెళ్ళి, ఆవుకు దగ్గరగా మెలిగినవాళ్ళందరినీ ఆసుపత్రికి పంపారు. పుల్లన్న కూడా వచ్చాడు. సారా సిస్టరు సూది తీయగానే ముఖం గోడ వైపు తిప్పుకుని నా మోచేయి పట్టుకున్నాడు. పట్టుకోనిచ్చాను. మొరిగే మాట ఎత్తలేదు.

మే 11, శనివారం

చివరి సూది అయింది.

ఇద్దరమూ రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డాము. ఎండ భయంకరంగా ఉన్నది. మారెక్క కొంగు తల మీదికి లాక్కుని అడిగింది.

"ఇంగ రాదు కదన్నా?"

చెప్పవలసిన వాక్యం నాకు తెలుసు. శిక్షణలో నేర్పారు, బాధితులకు ధైర్యం చెప్పవలెను. ఆ వాక్యం నోటి దాకా వచ్చి ఆగిపోయింది. దాని స్థానంలో మా అమ్మతో మాట్లాడిన మాటల వంటివి వచ్చాయి. ఏళ్ళ తరబడి వాటిని బయట ఎవరి ముందూ వాడలేదు.

"సిస్టరు రాదనే సెప్తాంది మారెక్కా. నమ్మాల్సిందే. కానీ నాకు ఇంగా బయంగానే ఉండాది. పొద్దున లేస్తూనే నీళ్ళు మింగి సూసుకుంటా."

అని ఆమె వైపు చూడలేకపోయాను.

"నువ్వు కూడానా?" అన్నది మారెక్క. ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "నేనొక్కదాన్నే అనుకుంటి. సదువుకున్నోళ్ళకు ఉండదేమో అనుకుంటి."

ఆటో వచ్చింది. గార్లదిన్నె పోయే మనుషులతో అప్పటికే నిండి ఉన్నది. మారెక్క ముందు ఎక్కింది. అటువైపు కూర్చున్నవాళ్ళను, "జరగండప్పా, మా అన్న ఉండాడు," అని మోచేతితో నెట్టి, తన పక్కన చోటు చేసింది.